బావగారిచ్చిన చిన్న కెమెరాతో పెళ్లి ఫోటోలు: ఇంట్లో ఏం సెట్ చేసుకోవాలి, అక్కడ ఏం మార్చాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. డాలస్‌లో ఉండే బావగారు తను వాడిన సోనీ ఆర్‌ఎక్స్100, మొదటి మోడల్, మీకు ఇచ్చి వెళ్లారు. శ్రావణంలో చెల్లెలి పెళ్లి, ముహూర్తం రాత్రి 2 గంటల 10 నిమిషాలకు. ఇంట్లో తీసి చూస్తే ఫోన్లో వచ్చినవాటికంటే మసకగా ఉన్నాయి, ముఖాలు ఆకుపచ్చగా వస్తున్నాయి, మనుషులు కదిలినట్టు పడుతున్నారు. కెమెరా పాడైందా, సెట్టింగ్స్ తప్పా, పెళ్లయ్యాక కాశీ వెళ్తున్న నాన్నగారికి దీన్ని ఇవ్వచ్చా అని అడిగారు.

కెమెరా పాడవలేదండీ. మీరు చెప్పినవన్నీ రాత్రిపూట ఆటో మోడ్‌లో తీస్తే వచ్చేవే. డయల్‌ని ఎస్ మీదకి తిప్పి షట్టర్, అంటే వెలుగు లోపలికి వచ్చే సమయం, 1/125 సెకను పెట్టండి. ఐఎస్‌ఓ అంటే పడిన వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, దాని ఆటోలో పై హద్దు 3200 చేయండి. బటన్ సగం నొక్కి, ఆగి, అప్పుడు పూర్తిగా నొక్కడం అలవాటు చేసుకోండి. ఈ మూడూ చేస్తే ముప్పావు వంతు ఇబ్బంది ఇవాళ సాయంత్రమే పోతుంది. అలా ఎందుకు చేయాలి, పెళ్లిలో ఎక్కడెక్కడ దెబ్బతింటాం అన్నది కింద రాస్తున్నాను. కాస్త పెద్దదే అయింది, తీరిగ్గా చదవండి.

నేను కాకినాడలో 22 ఏళ్లుగా స్టూడియో నడుపుతున్నాను. రోల్ కెమెరాతో మొదలుపెట్టినవాణ్ణి, 36 ఫ్రేములు అయిపోయేలోపు తలంబ్రాలు వస్తాయో రావో అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ తీసిన రోజులవి. ఇప్పుడు పెళ్లిళ్లకి పెద్ద కెమెరాలే తీసుకెళ్తాను, కానీ ఎనిమిదేళ్లుగా నా జేబులో ఉండేది మీ చేతిలో ఉన్న ఆ మోడలే. మా ఇళ్లల్లో శుభకార్యాలన్నీ దాంతోనే తీశాను, అందుకే మీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది.

ముందు ఫోన్ సంగతి. మీరు ఫోన్లో ఒక్కసారి నొక్కితే అది వెనకాల వరసగా చాలా ఫ్రేములు తీసి, వాటిని కలిపి, ముఖం వెలిగించి, రంగు దిద్ది, అంచులు చెక్కి మీకు చూపిస్తుంది. ఈ కెమెరా 2012లో వచ్చింది. మామూలుగా అది ఒక్క ఫ్రేమే తీస్తుంది, పడిన వెలుగు పడినట్టే ఇస్తుంది. డయల్ మీద ఐ పక్కన ప్లస్ గుర్తుతో ఒక మోడ్ ఉంది చూడండి, అది చీకట్లో కొన్ని ఫ్రేములు కలిపే ప్రయత్నం చేస్తుంది, కానీ ఎదురుగా మనుషులు కదులుతుంటే దాన్ని నమ్ముకోలేం, పైగా తీసిన ప్రతిసారీ కాసేపు ఆగాలి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో ఆగడం కుదరదు కదా.

మరి ఈ కెమెరా గొప్పేంటి అంటారా, సెన్సర్, అంటే లోపల వెలుగుని పట్టే చిప్పు. అంగుళం సెన్సర్ అని పిలుస్తారు గానీ నిజంగా అంగుళం ఉండదు, 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 వెడల్పు. మామూలు చిన్న కెమెరాల్లో ఉండేదానికి ఇది విస్తీర్ణంలో సుమారు నాలుగు రెట్లు. వెలుగు తక్కువున్న చోట ఆ తేడా కనిపిస్తుంది. ఫోటోని పెద్దది చేసి చూసినప్పుడు జడలో పూలు విడివిడిగా ఉంటాయి, పట్టుచీర అంచులో జరీ గీతలు కలిసిపోవు. ఫోన్లో ముఖం నున్నగా మైనపు బొమ్మలా కనిపించే చోట, దీంట్లో అమ్మమ్మ ముఖం మీద ముడతలు ముడతల్లాగే ఉంటాయి. నాకు అదే ఇష్టం.

ఇంట్లో ఒకసారి చేసి వదిలేసే పనులు

బ్యాటరీ. దీనికి విడిగా చార్జర్ ఉండదు, బ్యాటరీ కెమెరాలోనే ఉంచి మైక్రో యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టాలి. అమెరికా ప్లగ్గు పట్టడం లేదని కన్వర్టర్ కొనకండి, మీ పాత ఫోన్ చార్జర్ చాలు. కెమెరా ఆఫ్ చేసి పెట్టాలి, రెండు మూడు గంటలు పడుతుంది. కంపెనీ లెక్కలో ఒక చార్జికి 330 ఫోటోలు, కానీ పెళ్లిలో తీసిన ప్రతిదీ స్క్రీన్ మీద నలుగురికీ చూపిస్తూ, జూమ్ ముందుకీ వెనక్కీ తోస్తూ ఉంటాం కాబట్టి 200 దాటితే గొప్ప. పైగా మీ బ్యాటరీ పాతది. ఎన్‌పీ-బీఎక్స్1 అనే రకం, ఇంకోటి కొనండి, దాంతోపాటు విడి చార్జర్ కూడా దొరికితే తీసుకోండి. పాత బ్యాటరీ పొట్ట ఉబ్బినట్టు ఉంటే, లేదా గూట్లోంచి సులువుగా బయటికి రాకపోతే, దాన్ని ఇక వాడకండి.

తేదీ, టైమ్. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నేను మాత్రం ఇదే మొదట చూస్తాను. కెమెరా ఇంకా డాలస్ టైమ్‌లోనే ఉండి ఉంటుంది. మీ చెల్లెలికి రాత్రి 2:10కి జీలకర్ర బెల్లం పెడితే, ఫోటోలో ముందు రోజు మధ్యాహ్నం 3:40 అని పడుతుంది. తర్వాత ఆరుగురి ఫోన్లలోంచి, దీంట్లోంచి ఫోటోలన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి టైమ్ ప్రకారం పేర్చితే, మంగళసూత్రం ముందు, పెళ్లికూతుర్ని చేయడం తర్వాత వస్తుంది. మా తమ్ముడి కూతురి పెళ్లప్పుడు ఇలాగే అయింది. ఎవరో ఇచ్చిన కెమెరాలో టైమ్ చూడకుండా వాడాం, ఆల్బమ్ వరస సరిచేయడానికి రెండు రాత్రులు కూర్చున్నాను. మెనూలో ఏరియాని న్యూఢిల్లీ ఉన్న జోన్‌కి మార్చి, ఆ తర్వాత మీ ఫోన్ చూసి నిమిషం సరిపెట్టండి.

కార్డు. 32 జీబీ ఎస్‌డీ కార్డు, క్లాస్ 10 అని రాసి ఉన్నది, తెలిసిన షాపులో కొనండి. ఒక్కో ఫోటో 5 నుంచి 8 ఎంబీ వస్తుంది కాబట్టి నాలుగు వేల దాకా పడతాయి, అంతకంటే మీకు అవసరం లేదు. 128 జీబీ ఒక్కటి కొనేకంటే 32వి రెండు కొనడం మేలు, ఒకటి పోయినా పెళ్లంతా పోదు. బావగారి పాత ఫోటోలు ఉంటే ముందు కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆ తర్వాత కార్డుని కెమెరాలోనే ఫార్మాట్ చేయండి, కంప్యూటర్‌లో కాదు. కార్డు ఎడమ అంచున చిన్న తాళం మీట ఉంటుంది, అది కిందికి జారితే ఫోటో పడదు. పెళ్లిలో సగం టెన్షన్లు ఆ మీట వల్లే వస్తాయి.

ఫోటో సైజు ఎల్ 20ఎం, క్వాలిటీ ఫైన్, నిష్పత్తి 3:2. నాలుగు ఆరు అంగుళాల మాక్సీ ప్రింటు కూడా 3:2 కాబట్టి మీరు స్క్రీన్‌లో చూసిందంతా ప్రింటులో వస్తుంది, గ్రూప్ ఫోటోలో వెనక వరసవాళ్ల తలలు తెగవు. ఫోన్ ఫోటోలు చాలావరకు 4:3 కదా, వాటిని మాక్సీ చేస్తే పైనో కిందో కోయాల్సిందే. రా ఫైళ్లు, అంటే కెమెరా దిద్దకుండా ఇచ్చే ముడి ఫైళ్లు, తీయమని మీకు ఎవరైనా చెబితే ప్రస్తుతానికి వినకండి. అవి మంచివే, నేనూ తీస్తాను, కానీ కంప్యూటర్‌లో కూర్చుని ఒక్కొక్కటీ వండాలి. మీరు పెళ్లికూతురి అన్నయ్య, ఆ వారం మీకు అన్నం తినడానికే తీరిక ఉండదు.

ఆపేయాల్సినవి నాలుగున్నాయి. డిజిటల్ జూమ్ ఆపండి, అది ఉన్న ఫోటోనే సాగదీస్తుంది. ఆటో పోర్ట్రెయిట్ ఫ్రేమింగ్ ఆపండి, లేకపోతే ముఖం కనిపించినప్పుడల్లా తనంతట తానే కత్తిరించిన ఇంకో కాపీ చేసి పెడుతుంది. బీప్ శబ్దం ఆపండి. ఫోకస్ కోసం ముందు వెలిగే నారింజ దీపం ఆపండి, మంత్రాలు చదువుతున్న పంతులుగారి కళ్లలోకి అది కొడుతుంటే ఆయనకి చిరాకు. ఒకటి మాత్రం ఆన్ చేయండి, స్క్రీన్ మీద గళ్ల గీతలు. మండపం స్తంభాలు నిలువుగా రావడానికి వాటికంటే మంచి సాయం లేదు.

అసలు విషయం: షట్టర్

మనుషులు కదిలినట్టు పడుతున్నారన్నారు. ఆటోలో ఈ కెమెరా వెలుగు తక్కువైతే షట్టర్‌ని 1/30 సెకను దగ్గరకి దించేస్తుంది. లోపల స్టెడీషాట్ ఉంది కాబట్టి మీ చెయ్యి వణకు సరిపోతుంది, గోడ మీద క్యాలెండర్ చక్కగా వస్తుంది. కానీ ఎదుటి మనిషి తల తిప్పితే దాన్ని స్టెడీషాట్ ఆపలేదు. మీ ఫోటోల్లో వెనక గోడ స్పష్టంగా ఉండి మనిషి మాత్రం అలికినట్టు ఉన్నాడా చూడండి, ఉంటే ఇదే కారణం. మొత్తం ఫోటో అంతా అలికినట్టుంటే అది మీ చెయ్యి. ముందున్న మనిషి మసకై వెనక పూలదండ బాగుంటే అది ఫోకస్. మూడూ వేరు వేరు జబ్బులు, మందులు వేరు.

ఎస్ మోడ్‌లో షట్టర్ మీ మాట వింటుంది, మిగతాది కెమెరా చూసుకుంటుంది. కూర్చున్న మనుషులకి 1/60 చాలు, పెళ్లిలో మామూలుగా 1/125, తలంబ్రాలకి, పిల్లలకి 1/250. షట్టర్ పెంచినకొద్దీ ఐఎస్‌ఓ పెరుగుతుంది, ఐఎస్‌ఓ పెరిగితే ఫోటోలో సన్నటి ఇసక చల్లినట్టు రవ్వ కనిపిస్తుంది. రవ్వ ఉన్న ఫోటో ప్రింటులో బాగానే ఉంటుంది, కదిలిన ఫోటో ఏ ప్రింటులోనూ బాగుపడదు. మాక్సీ సైజులో 3200 ఐఎస్‌ఓ రవ్వ ఎవరికీ కనపడదు, నేను వందల ప్రింట్లు వేసి చెబుతున్నాను. 6400కి వెళ్తే మాత్రం పట్టుచీర రంగులు చచ్చిపోతాయి, అందుకే పై హద్దు 3200 అన్నాను.

దీనికి తోడు జూమ్. లెన్స్ మీద 1.8-4.9 అని రాసి ఉంది చూశారా, జూమ్ చేయకుండా ఉంటే 1.8, పూర్తిగా చేస్తే 4.9. అంకె చిన్నదైతే లోపలికి వచ్చే వెలుగు ఎక్కువ. ఆ రెండు అంకెలకీ మధ్య వెలుగు తేడా ఏడు రెట్లకి పైనే. అంటే మీరు వెనక కుర్చీలో కూర్చుని జూమ్ చేసి తీస్తే, దగ్గరికెళ్లి తీసినదాంట్లో ఏడో వంతు వెలుగు కూడా లోపలికి రాదు. రాత్రి ముహూర్తంలో జూమ్ ముట్టుకోకండి, రెండడుగులు ముందుకెయ్యండి. అన్నయ్యవి కదా, మండపం పక్కన నిలబడితే మిమ్మల్ని ఎవరూ పక్కకి వెళ్లమనరు. అయితే మరీ మూరెడు దూరంలోకి వెళ్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కిపోయినట్టు వస్తుంది. ఒక్కరి ముఖమే కావాలనుకుంటే, పగటి వెలుగులో, కాస్త దూరం నుంచి జూమ్ చేసి తీయండి, అప్పుడు అదే అందం.

సగం నొక్కడం

చిన్న విషయంలా ఉంటుంది గానీ నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లకి నేను మొదటి రెండు రోజులూ నేర్పేది ఇదొక్కటే. మణికట్టుకి తాడు వేసుకోండి. కుడిచేతి చూపుడు వేలు బటన్ మీద బరువు లేకుండా ఆన్చండి. ఎడమచేతి బొటనవేలు కింద, చూపుడు వేలు పైన పెట్టి లెన్స్ పక్కన పట్టుకోండి, ఫ్లాష్ లేచే చోట వేలు పడకుండా. మోచేతులు రెండూ డొక్కలకి ఆనించండి. ఇప్పుడు బటన్‌ని మెల్లగా దించితే మధ్యలో ఒక చోట వేలికి తడుతుంది, అక్కడ ఆగండి. స్క్రీన్‌లో చిన్న చదరం ఆకుపచ్చగా మారుతుంది. అది ముఖం మీదే ఉందా చూసుకోండి. ఉంటే వేలు తీయకుండా అలాగే పట్టుకుని, క్షణం కోసం ఎదురుచూసి, ఊపిరి వదులుతూ మిగతా సగం దించండి. ఠక్కున గుద్దకూడదు.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. చిన్న కెమెరాలు నొక్కాక ఆలస్యంగా తీస్తాయని అందరూ తిట్టుకుంటారు కదా, ఆ ఆలస్యంలో చాలా భాగం ఫోకస్ వెతుక్కోవడానికి పట్టేదే. ముందే సగం నొక్కి ఉంచితే అది అయిపోయి ఉంటుంది, మీరు నొక్కగానే పడుతుంది. అడ్డుతెర ఇంకా దించకముందే తెర అంచున ఉన్న పెళ్లికూతురి చేతుల మీద ఫోకస్ పట్టి ఉంచండి, తెర దిగగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే ఆ ఒక్క సెకను మీకు దొరుకుతుంది. మా మేనకోడలి పెళ్లిలో ఆ ఫోటో నాకు ఈ చిన్న కెమెరాలోనే దొరికింది, ఎందుకంటే పెద్ద కెమెరావాళ్లు ముగ్గురూ ఎదురుగా ఒకరి మీద ఒకరు పడుతుంటే నేను పందిరి స్తంభం పక్కన నేలమీద కూర్చున్నాను. అమ్మాయి కళ్లెత్తింది, అబ్బాయి ఇంకా ఎత్తలేదు, జీలకర్ర బెల్లం ముద్ద వేళ్ల సందుల్లోంచి కాస్త బయటికి వచ్చి ఉంది. ఇప్పటికీ వాళ్ల హాల్లో అదే ఉంది.

ఈ కెమెరా ఒళ్లు నున్నగా, పట్టు లేకుండా ఉంటుంది, చెమట చేతుల్లో జారుతుంది. అతికించే గ్రిప్ దొరుకుతుంది. నేనైతే పాత సైకిల్ ట్యూబు రెండు వేళ్ల వెడల్పు కత్తిరించి రెండువైపులా అంటుకునే టేపుతో అతికించాను, ఎనిమిదేళ్లుగా ఊడలేదు.

తెలుపు, నలుపు, ప్లస్, మైనస్

వెనక చక్రంలో కింది వైపు ప్లస్ మైనస్ గుర్తు ఉంటుంది. కెమెరాకి పెళ్లికూతురెవరో తెలియదు, చూసినదాన్నంతా సగటున ఒక మధ్యరకం బూడిదరంగు వెలుగుకి తేవాలని చూస్తుంది. మధుపర్కాలు కట్టుకున్నాక ఇద్దరూ తెల్లటి బట్టల్లో ఉంటారు, ఫ్రేమంతా తెలుపే. అమ్మో చాలా వెలుగుంది అనుకుని కెమెరా తగ్గించేస్తుంది, తెల్ల చీర మాసినట్టు, ముఖాలు నల్లగా వస్తాయి. అప్పుడు +0.7 పెట్టండి. దానికి ఎదురు, బయట చీకట్లో అరుంధతిని చూపిస్తున్నప్పుడు, వెనకంతా నలుపు కాబట్టి కెమెరా ఎక్కువ వెలిగించి ముఖాలు సున్నం కొట్టినట్టు చేస్తుంది, అప్పుడు -0.7. పని అవగానే సున్నాకి తెచ్చేయండి. తేవడం మర్చిపోవడమే అందరూ చేసేది, నేనూ ఇంకా చేస్తుంటాను, అందుకే ప్రతి తంతు మారినప్పుడూ ఒకసారి స్క్రీన్ కింది అంకె చూసుకుంటాను.

రంగు విషయం. ట్యూబ్‌లైట్ కింద ఆకుపచ్చ రావడం మామూలే. వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా వచ్చేలా రంగు దిద్దే సెట్టింగ్, ఆటోలో ఉంచినా ఫర్వాలేదు గానీ, ఒకేచోట గంటలకొద్దీ తీయబోతున్నారు కాబట్టి మెనూలో కస్టమ్ సెటప్ ఉంటుంది, మండపంలో తెల్ల కాగితం పట్టుకోమని ఎవరికైనా ఇచ్చి దాన్ని చూపించి సెట్ చేయండి, అర నిమిషం పని. పసుపు ఫంక్షన్‌కి మాత్రం ఆటో వద్దు. ఫ్రేమంతా పసుపే ఉంటే ఆటో ఆ పసుపుని రంగు తప్పు అనుకుని చంపేయాలని చూస్తుంది, ఒళ్లు నీలంగా పాలిపోయినట్టు వస్తుంది. పగలు ఆరుబయట అయితే సూర్యుడి గుర్తు పెట్టేయండి, పసుపు పసుపుగా వస్తుంది.

స్టేజి మీద ఊదా, నీలం లైట్లు వేశారంటే దానికి కెమెరాలో మందు లేదు. వీడియో అన్నని పట్టుకుని, మండపం జరిగేంతసేపూ ఆ రంగు లైట్లు ఆపించండి.

ఫ్లాష్

ఆటోలో ఉంచకండి. కావాలంటే ఫ్లాష్ సెట్టింగ్‌లో ఫిల్ ఫ్లాష్ పెట్టండి, వద్దంటే ఫ్లాష్ ఆఫ్ పెట్టండి. మండపంలో వీడియోవాళ్ల లైటు ఎలాగూ ఉంటుంది, దాని పక్కన, లైటు ముఖం మీద పడే వైపున నిలబడితే మీకు ఫ్లాష్ అక్కర్లేదు. హోమం పొగలో ఫ్లాష్ కొడితే పొగే వెలిగిపోయి మనుషులు తెర వెనక ఉన్నట్టు వస్తారు. జూమ్ చేసి ఫ్లాష్ కొడితే ఎక్కువ దూరం అందదు, వెనక వరసలోంచి కొట్టడం దండగ.

ఈ మోడల్‌లో ఒక సుఖం ఉంది. ఫ్లాష్ లేచాక దాన్ని చూపుడు వేలితో సుతారంగా వెనక్కి వంచి పట్టుకుంటే వెలుగు పైకప్పుకి తగిలి మెత్తగా కిందికి దిగుతుంది, ముఖం మీద జిడ్డు మెరుపు రాదు. తెల్లటి స్లాబు పది పదకొండు అడుగుల ఎత్తులో ఉండే మామూలు గదుల్లో, అంటే పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే గదిలో, బ్రహ్మాండంగా పనిచేస్తుంది. షామియానా కింద చేయకండి, ఎర్ర గుడ్డకి తగిలితే అందరి ముఖాలూ ఎర్రబడతాయి. ఫంక్షన్ హాల్ కప్పు అందనంత ఎత్తు.

ఫ్లాష్ నిజంగా కావాల్సింది ఎండలో, నమ్మండి. మధ్యాహ్నం మంగళస్నానాలప్పుడు కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి, అప్పుడు ఫిల్ ఫ్లాష్ పెట్టి కొడితే ఆ నీడలు నిండుతాయి. పెద్ద కెమెరాల్లో చాలావాటికి 1/200, 1/250 దాటితే మామూలు ఫ్లాష్ కుదరదు. ఈ లెన్స్‌లో షట్టర్ లోపలే ఉంటుంది కాబట్టి ఎంత వేగంలోనైనా కుదురుతుంది.

వీడియో తీస్తే

మీది అమెరికాలో కొన్నది కాబట్టి ఇది చెప్పి తీరాలి. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ఆ కెమెరా సెకనుకి 60 లెక్కన తీస్తుంది, మన ట్యూబ్‌లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, రెండూ పొసగక వీడియోలో వెలుగు అలలు అలలుగా కొట్టుకుంటుంది. వీడియో మోడ్‌లో కూడా ఎస్ ఎంచుకుని షట్టర్ 1/100 పెట్టండి, తగ్గిపోతుంది. ఇంకో సంగతి, ఏవీసీహెచ్‌డీ అనే ఫైల్ రకం పెట్టి తీసిన వీడియోలు ఫోటోలుండే డీసీఐఎం ఫోల్డర్‌లో ఉండవు, ప్రైవేట్ అనే ఫోల్డర్ లోపల లోపల ఉంటాయి. కనపడలేదని కంగారుపడి ఫార్మాట్ కొట్టినవాళ్లు నాకు తెలుసు.

ఒకవేళ మీరే పొరపాటున ఫార్మాట్ కొడితే, ఆ కార్డుతో ఆ క్షణం నుంచి ఇంకొక్క ఫోటో కూడా తీయకండి, బయటికి తీసి జేబులో పెట్టుకోండి. ఫోటోరెక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాంతో చాలావరకు వెనక్కి వస్తాయి. మా వీధిలో ఒకాయన మనవడి అన్నప్రాశన ఫోటోలు అలా వెనక్కి తెచ్చాను, పైన కొత్తవి తీయలేదు కాబట్టే వచ్చాయి.

ఏసీ హాలు, ఇసక

శ్రావణం అంటే గాలిలో తేమ. చల్లటి ఏసీ గదిలో రెండు గంటలున్న కెమెరాని ఒక్కసారిగా బయటి ఉక్కలోకి తెస్తే లెన్స్ మీద మంచు పడుతుంది, ఫోటోలు పాలు పోసినట్టు వస్తాయి. ఎదురుకోలుకి పది నిమిషాల ముందే కెమెరాని ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి బయట ఎవరి చేతికైనా ఇచ్చి ఉంచండి, అద్దం వేడెక్కితే పొగమంచు పట్టదు. పట్టేసిందా, గుడ్డతో రుద్దకండి, ఆరనివ్వండి.

ఇసక దీనికి యముడు. లెన్స్ బయటికి లోపలికి జరిగే కెమెరా కదా, ఒక్క రేణువు సందులో ఇరుక్కుంటే మోటారు ఆగిపోతుంది. నా మొదటి చిన్న కెమెరా ఉప్పాడ బీచ్‌లో అలాగే పోయింది, కిర్రుమని సగంలో ఆగింది, బాగుచేయడానికి అడిగిన డబ్బు కొన్న ధరలో సగం. పెళ్లిలో ఇసక లేకపోయినా అక్షింతలున్నాయి, తలంబ్రాల బియ్యం గింజలున్నాయి. తలంబ్రాలు తీశాక ఆఫ్ చేసే ముందు లెన్స్‌ని నేలవైపు తిప్పి ఒకసారి ఊదండి.

ముందు సాధన

ఇప్పటినుంచీ రోజూ పదిహేను నిమిషాలు చాలు. రాత్రి హాల్లో ట్యూబ్‌లైట్ ఒక్కటే వేసి, ఇంట్లో పిల్లలుంటే ఎగరమనండి, లేకపోతే అమ్మగారిని కూరగాయలు తరగమనండి. 1/30, 1/60, 1/125, 1/250 నాలుగింట్లోనూ తీసి స్క్రీన్ మీద పెద్దది చేసి కత్తిని, వేళ్లని చూడండి. ఏ అంకెలో కత్తి ఆగిందో మీకే కనపడుతుంది. నేను చెప్పిన అంకెలు గుర్తున్నా లేకపోయినా ఆ కత్తి గుర్తుంటుంది.

పెళ్లి ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకున్నారు కదా, ముఖ్యమైన తంతులు ఆయనకి వదిలేసి ఆయన చూడనివాటి వైపు తిరగండి. పందిట్లో నిద్రపోతున్న పిల్లలు, వంటవాళ్ల దగ్గర గరిటె పట్టుకున్న మావయ్య, అప్పగింతలప్పుడు తలుపు చాటున నిలబడిన నాన్నగారు. ఆయనకి అక్కడికి రావడం కుదరదు, ఇంటివాళ్లకే కుదురుతుంది. గుంపు సెల్ఫీలూ, వెంటనే గ్రూపులో పెట్టాల్సినవీ ఫోన్‌తోనే తీసేయండి, వాటికి ఫోనే బాగుంటుంది. ఈ మోడల్‌కి వైఫై లేదు, చిన్న కార్డు రీడర్ ఓటీజీతో ఫోన్‌కి తగిలించి ఎక్కించుకోవాలి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, ఫోటోగా పంపితే నలిగిపోతుంది.

ఇక నాన్నగారు, కాశీ. నిరభ్యంతరంగా ఇవ్వండి, కానీ ఎస్ మోడ్‌లో ఇవ్వకండి. డయల్ పి మీద, అంటే షట్టర్ కూడా కెమెరానే చూసుకునే మోడ్ మీద, పెట్టి, ఫ్లాష్ ఆఫ్ చేసి, ఐఎస్‌ఓ ఆటో అలాగే ఉంచి, సగం నొక్కడం ఒక్కటే నేర్పండి. ఈ మోడల్‌కి కన్ను పెట్టి చూసే కిటికీ లేదు, స్క్రీన్‌లోనే చూడాలి, ఎండలో సరిగ్గా కనపడదు కాబట్టి బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి ఇవ్వండి. దగ్గరి చూపు అద్దాలు పెట్టుకోమనండి. విశ్వనాథుడి గుడిలోకి కెమెరా రానివ్వరు, ఘాట్‌ల మీదే తీసుకోవాలి. తెల్లవారుజామున పడవలో అయితే తాడు మణికట్టుకి రెండు చుట్లు వేసుకోమనండి. మణికర్ణిక దగ్గర మాత్రం కెమెరా సంచిలోనే ఉంచమని ముందే చెప్పండి, అక్కడ కాలుతున్న చితుల పక్కన ఎవరింటివాళ్లో నిలబడి ఉంటారు.